అడవిని కాపాడమని చందా ఇస్తే గొడ్డళ్లు కొన్నారా?

ప్రకృతి సంరక్షణ సంఘాల సర్వసభ్య సమావేశాల్లో జమాఖర్చులు చదువుతున్నంతసేపూ ఎవరూ నోరు మెదపరు. ఆడిటరు నివేదికకు ఆమోదం, కార్యదర్శికి అభినందన, పక్క గదిలోంచి టీ గ్లాసుల చప్పుడు. అప్పుడు వెనక వరసలోంచి ఒక పెద్దాయన లేస్తారు. "చెట్లను కాపాడటానికని కదండీ మేము చందా కడుతున్నది. మరి మనవాళ్లే చెట్లు కొట్టిస్తున్నారట, నిజమేనా?" అంటారు. ఆ తర్వాత గంటసేపు టీ జోలికి ఎవరూ వెళ్లరు.

విశాఖపట్నంలో ఇలాంటి ప్రశ్నలకు కొరత లేదు. తీరం వెంట సరుగుడు తోపును పలచన చేస్తే పొద్దున్నే నడకకు వచ్చేవారికి కోపం. కొండవాలులో లంటానా కంపను పీకిస్తే పక్షులను చూసేవారికి కోపం. పిగిలిపిట్టలు ఆ పళ్ల కోసమే అక్కడికి వస్తాయి మరి. కొండకర్ల ఆవ అనే సరస్సులో గుర్రపుడెక్క తీయించాలంటే, ఆ ఆకుల మీద అడుగులేస్తూ తిరిగే పిట్టల గతేమిటని ఇంకొకరు అడుగుతారు. సముద్రపు తాబేలు పెట్టిన గుడ్లను తవ్వి తీసి, మళ్లీ పాతి పొదిగించే హేచరీకి మోసుకుపోతే, పెట్టినచోటే కాపలా కాయడం చేతకాదా అని మరొకరు నిలదీస్తారు.

ఈ గొడవలను భావోద్వేగానికీ శాస్త్రానికీ మధ్య పోరుగా చెప్పడం కార్యవర్గాలకు అలవాటు. సభ్యులు పాపం అమాయకులు, నిపుణులకు అంతా తెలుసు, కొంచెం ఓపిక పట్టండి అన్నది ఆ మాటల సారం. సభ్యుల వైపు కథ వేరు: డబ్బు మాది, పెత్తనం మీది, అడిగితే శాస్త్రం పేరు చెప్పి నోరు మూయిస్తారు. రెండింటిలోనూ కొంత నిజం ఉంది. కానీ చెట్టు కొట్టాలా వద్దా అనే ప్రశ్న దగ్గరే ఆగిపోతే అసలు చిక్కు విడదు. ఎందుకు కొడుతున్నారో ముందుగా రాసి పెట్టారా, కొట్టాక ఏమైందో ఎవరైనా లెక్కపెట్టారా, ఆ లెక్క సభ్యుడి కంటపడుతుందా అన్నదాకా వెళ్లాలి. సభ్యుడికి గొడ్డలి మీద హక్కు లేకపోవచ్చు. ఆ కాగితాల మీద మాత్రం ఉండి తీరాలని నా వాదన.

ముట్టుకోకుండా వదిలేస్తే

మనిషి చెయ్యి పడకపోతే ప్రకృతి తనంతట తానే బాగుపడుతుందన్న నమ్మకం మనలో చాలామందికి ఉంది. నగరాల్లో బతికేవారికి మరీ ఎక్కువ. ఈ నమ్మకాన్ని ఇంగ్లండులో ఒక సీతాకోకచిలుక గట్టిగా దెబ్బతీసింది. లార్జ్ బ్లూ దాని పేరు. అరుదైనది కాబట్టి రెక్కల కోసం సేకరించేవారి బెడద ఉండేది. 1930లలో అది ఉండే ఒక చోట చుట్టూ కంచె వేశారు. సేకరించేవారు ఆగిపోయారు. వారితోపాటు గొర్రెలూ పశువులూ ఆగిపోయాయి. గడ్డి ఏపుగా పెరిగింది. సీతాకోకచిలుకలు పెరగకపోగా మాయమయ్యాయి. 1979 నాటికి బ్రిటన్‌లో ఈ జాతే లేకుండా పోయింది.

కారణాన్ని జెరెమీ థామస్ అనే శాస్త్రవేత్త ఏళ్ల తరబడి నేల మీద పాకుతూ కనిపెట్టారు. ఈ సీతాకోకచిలుక గొంగళిపురుగును ఒక రకం ఎర్రచీమలు తమ పిల్ల అనుకుని పుట్టలోకి మోసుకుపోతాయి. లోపల అది చీమల పిల్లలనే తిని పెరుగుతుంది. ఆ చీమకు నేల వెచ్చగా ఉండాలి. నేల వెచ్చగా ఉండాలంటే గడ్డి పొట్టిగా మేసి ఉండాలి. గొర్రెలు పోతే వెచ్చదనం పోయింది, వెచ్చదనం పోతే చీమ పోయింది, చీమతో సీతాకోకచిలుకా పోయింది. ఈ గొలుసు తెలిశాక మేతను మళ్లీ మొదలుపెట్టి, 1980లలో స్వీడన్ నుంచి తెచ్చి వదిలితే జాతి నిలదొక్కుకుంది.

మన దేశంలో ఇదే పాఠానికి మనుషుల ప్రాణాలు ఖర్చయ్యాయి. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ పక్షి కేంద్రం, అంటే కేవలాదేవ్ జాతీయ పార్కు, దాదాపు 29 చదరపు కిలోమీటర్ల చిత్తడినేల. అది సహజంగా ఏర్పడింది కాదు. బాతుల వేట కోసం భరత్‌పూర్ రాజులు గట్లు కట్టించి, తూములు పెట్టించి, నీళ్లు మళ్లించి తయారు చేయించుకున్నది. చుట్టుపక్కల ఊళ్ల గేదెలు తరతరాలుగా అందులో మేసేవి. జాతీయ పార్కు అయ్యాక 1982లో మేతను నిషేధించారు. పక్షి శాస్త్రవేత్తలలో చాలామంది అదే కోరుకున్నారు. ఊళ్లవాళ్లు ఎదురు తిరిగారు, పోలీసు కాల్పుల్లో కొందరు చనిపోయారు.

గేదెలు వెళ్లిపోయాయి. ఆ తర్వాత పాస్పలమ్ అనే నీటిగడ్డి లోతు తక్కువగా ఉన్న నీళ్లను కమ్మేసింది. ఇన్నాళ్లూ దాన్ని మేసి అదుపులో పెట్టినవి గేదెలే. బాతులకు తెరపి నీళ్లు కరవయ్యాయి, చేపలకూ ఇబ్బంది వచ్చింది. ఈ సంగతి బయటపెట్టింది పార్కు వ్యతిరేకులు అనుకుంటే పొరపాటు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు 1980లలో అక్కడే మకాం వేసి, ఏళ్ల తరబడి గడ్డినీ నీళ్లనూ పక్షులనూ లెక్కపెట్టి తేల్చిన మాట అది. ప్రపంచ ప్రసిద్ధమైన సైబీరియా కొంగలు 2002 తర్వాత అక్కడ కనిపించలేదు. వాటి పతనానికి వలస దారి పొడవునా జరిగిన వేట వంటి కారణాలు చాలా ఉన్నాయి కాబట్టి ఆ పాపమంతా గడ్డి మీద వేయకూడదు.

ఈ కథను సంస్థల తరఫువారు తమకు అనుకూలంగా వాడుకుంటారు: చూశారా, చెయ్యి పెట్టకపోతే ఏమవుతుందో. సభ్యులూ వాడుకోవచ్చు: చూశారా, నిపుణుల నమ్మకం ఎలా బోల్తా కొట్టిందో. నాకు మాత్రం ఇందులో అన్నిటికన్నా విలువైనది ఆ పదేళ్ల లెక్క. లెక్క లేకపోయి ఉంటే నిషేధం మంచిదేనని ఇప్పటికీ వాదిస్తూ ఉండేవాళ్లం. వదిలేయడం కూడా ఒక నిర్ణయమే. దానికీ ఎవరో ఒకరు సంతకం పెట్టాలి, దాని ఫలితాన్నీ ఎవరో ఒకరు కొలవాలి.

ఇప్పుడు మన లంటానా దగ్గరకు వద్దాం. తూర్పు కనుమల ఎండు అడవుల్లో ఇది పరాయి మొక్క. అలంకారానికి తెచ్చారు, అడవిని ఆక్రమించింది. కింద గడ్డి మొలవనివ్వదు, గడ్డి లేకపోతే దుప్పులకు మేత లేదు. కాబట్టి తీయాలి. కానీ పైపైన నరికితే అది రెట్టించి చిగురిస్తుంది. వేరు మొదలు కింద నుంచి పెకలించాలి, తర్వాత కొన్నేళ్లపాటు ఏటా వచ్చి మొలకలు ఏరాలి, ఖాళీ అయిన నేలలో స్థానిక గడ్డి నిలిచేలా చూడాలి. మొదటి ఏడాది నరికి, ఫొటో తీసి, రెండో ఏడాదికి డబ్బు లేదని వదిలేసిన చోట మునుపటికన్నా చిక్కటి కంప లేస్తుంది. కాబట్టి పిగిలిపిట్టల తరఫున మాట్లాడే సభ్యుడు "ఎందుకు పీకారు" అని అడిగితే నిపుణులు తేలిగ్గా జవాబు చెప్పేస్తారు. "రెండో ఏడాదికీ మూడో ఏడాదికీ పద్దులో ఎంత పెట్టారు" అని అడిగితే అంత తేలిక కాదు.

సరుగుడు సంగతి ఇంకా తిరకాసు. 1977 దివిసీమ ఉప్పెన తర్వాత ఆంధ్ర తీరమంతా గాలినీ అలలనూ కాచుకోవడానికి సరుగుడు తోపులు విరివిగా నాటారు. అవి తీరప్రాంతం వారికి కలప, వంటచెరకు, నీడ. తాబేలుకు మాత్రం అలల అంచుదాకా నాటిన సరుగుడు అడ్డంకి: ఇసుక చల్లబడుతుంది, వేళ్లు గుంత తవ్వనివ్వవు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చి ఈ ఊరి చెట్లను ఎలా పడేసిందో చూసినవారికి చెట్టు కొట్టడం అంటేనే గుండె కలుక్కుమంటుంది. ఆ కలుక్కుమనడాన్ని అజ్ఞానం అనకూడదు. తుఫాను రక్షణా తాబేలు రక్షణా ఒకే ఇసుకలో పోటీ పడుతున్నాయి, ఎక్కడ దేనికి పెద్దపీట వేస్తున్నారో సంస్థ పటం గీసి చూపించాలి.

తాబేలు లెక్క

సభ్యుడి ప్రశ్న ఎంత పదునుగా ఉండవచ్చో చూపడానికి తాబేళ్ల హేచరీ కన్నా మంచి ఉదాహరణ లేదు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లే ఆడ తాబేళ్లు రాత్రిపూట విశాఖ తీరానికి వస్తాయి. ఇసుకలో గుంత తవ్వి ఒక్కొక్కటి సుమారు నూరు గుడ్లు, కొన్నిసార్లు అంతకన్నా ఎక్కువ పెట్టి, గుంత పూడ్చి వెళ్లిపోతాయి. నలభై అయిదు నుంచి అరవై రోజుల్లో పిల్లలు బయటికి వస్తాయి. ఈలోగా కుక్కలు తవ్వుతాయి, నక్కలు తవ్వుతాయి, పోటు నీళ్లు ముంచుతాయి. బయటికి వచ్చిన పిల్లలను వీధి దీపాలు రోడ్డు వైపు లాగుతాయి. అందుకని అటవీశాఖ, స్వచ్ఛంద సంస్థల సాయంతో, గుడ్లను సేకరించి వలకట్టిన హేచరీలలో మళ్లీ పాతిస్తుంది. కుక్కలను తీరం నుంచి తరలిస్తే పోదా అంటారు కొందరు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం వీధికుక్కకు శస్త్రచికిత్స చేసి పట్టినచోటే వదలాలి. అంటే ఆ దారి దాదాపు మూసుకుపోయింది.

ఇక్కడిదాకా సంస్థ వాదనకు ఎదురు లేదు. కానీ తాబేలు పిల్ల ఆడో మగో తేల్చేది ఇసుక వేడి. దాదాపు 29 డిగ్రీల దగ్గర రెండూ సమానంగా పుడతాయి. అంతకన్నా వేడెక్కితే ఆడపిల్లలు, చల్లబడితే మగపిల్లలు ఎక్కువ. హేచరీ మీద నీడ పందిరి ఉందా లేదా, గుంత ఎంత లోతు, ఏటా అదే ఇసుకను వాడుతున్నారా అన్న చిన్న విషయాలే ఒక తరం తాబేళ్ల ఆడమగ నిష్పత్తిని మార్చేయగలవు. గుడ్లను తరలించడంలో కుదుపులు, ఆలస్యం వల్ల లోపలి పిండం చనిపోవచ్చు.

కాబట్టి "ఈ ఏడాది ఇన్ని వేల పిల్లలను సముద్రంలోకి వదిలాం" అన్న ప్రకటన వినడానికి బాగుంటుంది, దాన్నిబట్టి మాత్రం ఏమీ తెలియదు. ఎన్ని గుడ్లు తెచ్చారు, నూటికి ఎన్ని పొదిగాయి, ఇసుకలో ఉష్ణోగ్రత నమోదు చేశారా, కదిలించకుండా వదిలిన గూళ్లలో ఎన్ని బతికాయి, ఆ రెంటికీ తేడా ఎంత? ఇవి అడగడానికి జీవశాస్త్రంలో పట్టా అక్కర్లేదు.

ఇంకొక మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఇది నాకు ఒళ్లు మండే విషయం. పిల్లలను వదిలే కార్యక్రమానికి ముఖ్య అతిథి రావాలని వాటిని టబ్బులో ఆపి ఉంచడం. గుడ్డులోంచి వచ్చిన పిల్ల పొట్టలో మిగిలిన పచ్చసొనే దానికి దారి బత్తెం. ఒడ్డు దాటి లోతు నీళ్లకు చేరేదాకా ఆపకుండా ఈదడానికి ఆ శక్తి కావాలి. టబ్బు గోడలకు తలబాదుకుంటూ దాన్ని ఖర్చు చేశాక, అతిథి చేతుల మీదుగా వదిలితే, ఫొటో బాగా వస్తుంది. విరాళాలు కూడా వస్తాయి. సంస్థకు పేరు తెచ్చే పనీ తాబేలుకు మేలు చేసే పనీ ప్రతిసారీ ఒకటే కావాలని లేదు. ఈ మాట కార్యవర్గం తనంతట తాను చెప్పుకోదు, సభ్యులే చెప్పాలి.

ఇంతకీ ఆ నేల ఎవరిది

బ్రిటన్‌లో ఇలాంటి తగాదాలు తరచూ పత్రికల్లోకి ఎక్కుతాయి. దానికి ఒక కారణం ఉంది. అక్కడ సంరక్షణ సంస్థలు నేలను కొని సొంతం చేసుకుంటాయి. 1895లో పుట్టిన నేషనల్ ట్రస్టుకు ఇప్పుడు యాభై లక్షలకు పైగా సభ్యులు. కొండలు, పొలాలు, వందల మైళ్ల తీరం దాని సొత్తు. టోపీల్లో ఈకలు పెట్టుకునే ఫ్యాషనుకు ఎదురు తిరిగి 1889లో కొందరు మహిళలు మొదలుపెట్టిన పక్షుల రక్షణ సంఘం, అదే నేటి ఆర్‌ఎస్‌పీబీ, 1997 నాటికి పది లక్షల మంది సభ్యుల మైలురాయిని చేరింది. దాని చేతిలో రెండు వందలకు పైగా రక్షిత ప్రాంతాలు ఉన్నాయి. నార్‌ఫోక్ తీరంలో క్లే చిత్తడినేలను 1926లో కొని, జిల్లాస్థాయి ప్రకృతి ట్రస్టులకు నార్‌ఫోక్ వారు దారి చూపారు. అక్కడ సభ్యుడి ప్రశ్నకు చిరునామా ఒక్కటే. యజమాని, నిర్వాహకుడు, సమాధానం చెప్పవలసినవాడు అంతా ఆ సంస్థే.

విశాఖలో అలా కుదరదు. కంబాలకొండ వన్యప్రాణి అభయారణ్యం దాదాపు 71 చదరపు కిలోమీటర్లు. ఒకప్పుడు విజయనగరం మహారాజుల అధీనంలో ఉండేది, 1970 నుంచి అటవీశాఖ చేతిలో ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యాలను నియంత్రించే, నిర్వహించే అధికారం రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారిది. ఏ సంఘమైనా అక్కడ కంప పీకినా, పక్షులను లెక్కపెట్టినా, పిల్లలకు బాట చూపినా అది అనుమతి మీద చేసే పని. ముడసర్లోవ జలాశయం నగరపాలక సంస్థది. పక్షులను చూసేవాళ్లకు అది ఎంత ప్రియమైనదైనా, దాని మొదటి పని నీళ్లు నిలవ చేయడం. 2018లో ఆ నీళ్ల మీద రెండు మెగావాట్ల తేలియాడే సౌరవిద్యుత్ పలకలు పరిచినప్పుడు నిర్ణయం ఏ పక్షి సంఘం చేతిలోనూ లేదు. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు జాతీయ భూవారసత్వ స్థలం, 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకు కూడా ఎక్కాయి. అయినా 2024లో ఒక గృహనిర్మాణ సంఘం అక్కడికి యంత్రాలు తెచ్చి నేల చదును చేయించడంతో పెద్ద దుమారమే రేగింది. గుర్తింపు ఒకరిది, పట్టా ఒకరిది, కాపలా ఇంకొకరిది.

ఇలాంటి చోట పనిచేసే సంస్థకు తప్పించుకోవడానికి రెండు దారులు దొరుకుతాయి. సభ్యులు అడిగితే "శాఖ చెప్పినట్లు చేశాం" అంటుంది. శాఖను అడిగితే "సంస్థవారి ప్రతిపాదన" అని వస్తుంది. సభ్యుడు బంతిలా అటూ ఇటూ తిరుగుతాడు. కాబట్టి సంస్థ పనితీరు మీద కోపం వచ్చినప్పుడు ముందు చూడవలసింది ఒప్పంద పత్రం. ఏ పని ఎవరి బాధ్యత, ఎన్నేళ్లకు, విఫలమైతే ఎవరు సరిచేయాలి అన్నది అందులో ఉంటుంది. లేకపోతే లేదనే సంగతి ఉంటుంది, అదీ పనికొచ్చే సమాచారమే.

నేలకు హక్కుదారులు ఇంకొకరున్నారు, వాళ్లకు సభ్యత్వ కార్డు ఉండదు. కొండకర్ల ఆవ మీద తాటి దోనెలు నడిపి చేపలు పట్టేవారు, ఆ నీటితో పొలం తడుపుకునే రైతులు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ ఇళ్ల మధ్య చింతచెట్ల మీద గూళ్లు కడితే, కంపునూ రెట్టలనూ భరించి, పిట్టలు రాకపోతే ఊరికి మంచిది కాదని నమ్మి కాపాడుకొస్తున్న ఊరివాళ్లు. నగరంలోని ఎంవీపీ కాలనీలో కూర్చుని ఆవలో చేపల వేట ఆపించాలని తీర్మానం పెట్టే సభ్యుడి ఆందోళన నిజమైనదే కావచ్చు. భరత్‌పూర్‌లో గేదెలను ఆపించినవారి ఆందోళనా నిజమైనదే. సభ్యులు ఎప్పుడూ బాధితుల పక్షమే అనుకోవడం ఈ రంగంలో ఒక తీయని భ్రమ. 2002లో వన్యప్రాణి చట్టాన్ని సవరించినప్పుడు సామాజిక రక్షిత ప్రాంతం అనే కొత్త ఏర్పాటు తెచ్చి, దాని నిర్వహణ కమిటీలో గ్రామ ప్రతినిధులకు చోటు ఇచ్చింది ఇలాంటి అనుభవాల తర్వాతే.

సభ్యుడా, చందాదారుడా

ఇక అడిగేవారి హోదా. చాలామంది తాము సభ్యులమనుకుంటారు గానీ చట్టం దృష్టిలో వారు దాతలు మాత్రమే. సంస్థ ట్రస్టుగా ఏర్పడి ఉంటే అధికారం ధర్మకర్తలది. మద్దతుదారులకు పత్రిక వస్తుంది, క్యాలెండరు వస్తుంది, ఓటు రాదు. 1969లో మొదలైన డబ్ల్యూడబ్ల్యూఎఫ్ ఇండియా ట్రస్టు. 1883లో పుట్టిన బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ సభ్యులు ఎన్నుకునే సంఘం. మన రాష్ట్రంలో ఊళ్లలో పుట్టే సంఘాలు ఎక్కువగా 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం కిందికి వస్తాయి. వాటిలో కూడా జీవిత సభ్యులకు ఓటు ఉందా, విద్యార్థి సభ్యులకు ఉందా, ఎంతమంది సంతకాలు పెడితే ప్రత్యేక సమావేశం పిలవాలి అన్నవి నియమావళిలో ఉంటాయి. ఆ పుస్తకాన్ని సభ్యత్వం తీసుకున్నప్పుడు చదివినవారు నాకు ఇంతవరకూ తారసపడలేదు.

ఓటు ఉన్నంత మాత్రాన కూడా అంతా సాఫీగా జరగదు. నేషనల్ ట్రస్టు చరిత్ర చూడండి. 1965లో తీరప్రాంతాలను కొనడానికి పెద్ద ఉద్యమం మొదలుపెట్టింది. దాన్ని నడిపిన కాన్రాడ్ రాన్‌స్లీ సంస్థాపకులలో ఒకరి మనవడు. యాజమాన్యంతో తగాదా వచ్చి ఆయన్ను తొలగిస్తే, సభ్యులను కూడగట్టి 1967లో ప్రత్యేక సమావేశం పెట్టించారు. ఓట్లలో ఆయన పక్షం ఓడిపోయింది. అయితే ఆ వేడికే సంస్థ ఒక విచారణ సంఘాన్ని వేసుకుని, మరుసటి ఏడాది నివేదిక తెప్పించుకుని, తన నిర్వహణను తిరగరాసుకుంది. ఓడిన తీర్మానం గెలిచిన పని చేసిందన్నమాట.

యాభై ఏళ్ల తర్వాత 2017లో అదే సంస్థ నేలల మీద వేటకుక్కలతో వాసన జాడ వెంట పరుగెత్తే క్రీడను నిషేధించాలని సభ్యులు తీర్మానం పెట్టారు. అది 299 ఓట్ల తేడాతో వీగిపోయింది. స్వయంగా నిర్ణయించుకుని ఓటు వేసినవారిలో ఎక్కువమంది నిషేధం వైపే ఉన్నారు. కానీ "నా ఓటు మీ ఇష్టప్రకారం వేయండి" అని అధ్యక్షుడికి వదిలేసినవారి ఓట్లు ఎదురు పక్షంలో పడ్డాయి. 2021లో మళ్లీ తీర్మానం వచ్చింది, ఈసారి 76 వేలకు పైగా ఓట్లతో నెగ్గింది. వ్యతిరేకంగా పడ్డవి 38 వేల చిల్లర. కొద్ది వారాల్లోనే సంస్థ ఆ క్రీడకు అనుమతులు ఆపేసింది. మరుసటి ఏడాదే, ఒక్క గడిలో గుర్తు పెడితే యాజమాన్యం సిఫారసు చేసినట్లు ఓట్లన్నీ పడిపోయే ఏర్పాటు తెచ్చింది. సభ్యులకు సౌకర్యం కోసమని సంస్థ అంది. ఇది ఏకపక్షమని కొందరు సభ్యులు గోల చేశారు. నాకు రెండోవారి మాటే సబబనిపిస్తుంది: అన్నీ చదివి ఓటు వేసే ఓపిక కొద్దిమందికే ఉంటుంది, ఆ ఓపిక లేనివారి ఓటు ఎటు ఒరగాలో పాలకవర్గమే నిర్ణయించుకోవడం మంచి అలవాటు కాదు.

మన సంఘాల్లో ఇంత హంగామా ఉండదు. చేతులెత్తి ఆమోదిస్తారు, కోరం లేకపోతే అరగంట ఆగి అదే హాలులో మళ్లీ సమావేశం అంటారు. తమ ఓటు మరొకరికి అప్పగించే ప్రాక్సీ కాగితాలు మాత్రం ఇక్కడా తిరుగుతుంటాయి.

డబ్బు గురించి ఒక్క మాట. చందాలతో నడిచే పని తక్కువ, ప్రాజెక్టు నిధులతో నడిచేది ఎక్కువ. 2014 నుంచి పెద్ద కంపెనీలు లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. పరిశ్రమల నగరం కాబట్టి విశాఖలో ఆ డబ్బు కనిపిస్తుంది. అది ఆ ఆర్థిక సంవత్సరంలోనే కనబడే పనిని కోరుకుంటుంది, మొక్కలు నాటడం దానికి బాగా నప్పుతుంది. మూడేళ్లు లంటానా మొలకలు ఏరడానికి, ఇసుకలో ఉష్ణమాపకాలు పెట్టడానికి దాత దొరకడు. సభ్యత్వ రుసుము ఎంత చిన్నదైనా షరతులు లేని డబ్బు. అది పత్రిక ముద్రణకు పోతోందా, లెక్కపెట్టే పనికి పోతోందా అన్నది పద్దులో ఒక్క వరుస చూస్తే తెలుస్తుంది.

ఎక్కడ అడగాలి

చంపడం అనే మాట వినగానే సభ్యత్వం వదులుకునేవారు ఉంటారు. ఆర్‌ఎస్‌పీబీ, నేల మీద గూళ్లు పెట్టే పక్షుల కోసం, కొన్ని చోట్ల నక్కలనూ కాకులనూ చంపిస్తుంది. పక్షుల సంఘం కాకిని చంపడమేమిటని ఏళ్ల తరబడి గొడవ. ఆ సంస్థ చేసిన మంచి పని ఏమిటంటే, ఏ పరిస్థితుల్లో చంపడానికి ఒప్పుకుంటుందో విధానం రాసి పెట్టింది, ఏ జాతివి ఎన్ని చంపారో ఏటా బయట పెడుతుంది. ఒప్పుకోనివారు ఆ అంకె పట్టుకునే కొట్లాడతారు. ఒప్పుకున్నవారూ ఆ అంకెనే చూపిస్తారు. తగాదా తీరకపోయినా పుకార్లకు చోటు తగ్గింది.

మన దగ్గర అలాంటి కాగితాలు వాటంతట అవి రావు, అడిగి తెచ్చుకోవాలి. సంఘం రిజిస్ట్రారుకు దాఖలు చేసిన పత్రాలకు రుసుము కట్టి నకళ్లు తీసుకోవచ్చు. అటవీశాఖ, నగరపాలక సంస్థ సమాచార హక్కు చట్టం కిందికి వస్తాయి కాబట్టి ఒప్పందాలు, అనుమతి పత్రాలు, నిర్వహణ ప్రణాళిక అక్కడ అడగవచ్చు. సంస్థనే నేరుగా సమాచార హక్కు కింద అడగవచ్చా అంటే, అది ప్రభుత్వ డబ్బు మీద ఎంత ఆధారపడిందన్నదాన్ని బట్టి ఉంటుంది. రిజిస్టరైనంత మాత్రాన చాలదని సుప్రీంకోర్టు 2013లో కేరళ సహకార బ్యాంకు కేసులో చెప్పింది. గణనీయంగా ప్రభుత్వ నిధులతో నడిచే స్వచ్ఛంద సంస్థ చట్టం పరిధిలోకి వస్తుందని 2019లో డీఏవీ కళాశాల కేసులో చెప్పింది. సభ్యులకూ కార్యవర్గానికీ తగాదా ముదిరితే సంఘాల చట్టం 23వ సెక్షన్ కింద మధ్యవర్తిత్వానికి వెళ్లవచ్చు, లేదా జిల్లా కోర్టులో దరఖాస్తు వేయవచ్చు. అక్కడిదాకా వెళ్లిన సంఘం మళ్లీ కలిసి పిట్టలను చూడటానికి వెళ్తుందా అన్నది అనుమానమే. ముందు లిఖితపూర్వకంగా ఒక ప్రశ్న పెట్టి, దాన్ని సమావేశం మినిట్స్‌లో రాయించుకోవడం చవకైన పని.

అడిగే సమయం కూడా చూసుకోవాలి. అభయారణ్యాల నిర్వహణ ప్రణాళికలు మామూలుగా పదేళ్లకు ఒకసారి రాస్తారు. ముసాయిదా బల్ల మీద ఉన్నప్పుడు ఒక పేజీ లేఖ చేసే పనిని, ఆమోదముద్ర పడ్డాక వంద సంతకాలు చేయలేవు. లంటానా పని టెండరు కన్నా ముందు, గుర్రపుడెక్క పని వేసవికి ముందు అడగాలి. తాబేలు గుడ్లు ముట్టుకోవడానికి శాఖ అనుమతి కావాలి, సీజను జనవరిలో మొదలవుతుంది. హేచరీ మీద నీడ వేయాలా, ఉష్ణమాపకం పెట్టాలా, కొన్ని గూళ్లను కదిలించకుండా వల కప్పి వదలాలా అన్న ప్రశ్నలు అక్టోబరు, నవంబరు నెలల్లో జరిగే కార్యవర్గ సమావేశానికి చేరాలి. మార్చిలో సర్వసభ్య సమావేశంలో లేచి అడిగితే, గుడ్లు అప్పటికే ఇసుకలో ఉంటాయి.